నేను తిరగ్గొట్టిన స్లీపర్లు, భౌంరా డోంగరి చెట్లు

1989 ఫిబ్రవరి 12, ఆదివారం, పొద్దున్న తొమ్మిదిన్నర. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వరండా.

హాజరైనవారు: అప్పల్నర్సయ్య గారు, రిటైరైన గూడ్సు గార్డు, మా పక్క క్వార్టరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. శుక్లా మాస్టారు, హిందీ స్కూల్లో భూగోళం చెబుతారు, అర్జీలు రాసేది ఆయనే. సుక్‌వారో బాయి, భౌంరా డోంగరి కింద ఊరి మనిషి. ఆమె మరిది బుధ్‌రామ్. నేను. వరండా మధ్యలో ఒక పెద్ద వెదురు బుట్ట, దాని నిండా చెక్క పేళ్లు.

మా ఆవిడ సత్యవతి గుమ్మంలో నిలబడి ఉంది. ఆనాటి డైరీలో ఆమె పేరు రాయలేదు. ఇప్పుడు చేరుస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో రోజుకొక పేజీ చొప్పున డైరీ రాశాను. వాటిలో చాలా పేజీలు రెండోసారి చదవదగ్గవి కావు. ఇన్‌స్పెక్టర్లుగా కొత్తగా చేరుతున్న మన కాలనీ కుర్రాళ్లు, అసలు ఆ ఉద్యోగమంటే ఏమిటో చెప్పమని అడిగితే కొన్ని పేజీలు బయటికి తీశాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు ఇందులో లేవు. హిందీలో రాస్తే చదువుకుంటామన్నారు. ఉద్యోగం హిందీలోనూ ఇంగ్లీషులోనూ చేశాను కాని నా తప్పులన్నీ తెలుగులోనే రాసుకున్నాను. కాబట్టి ఇదీ తెలుగులోనే. చదవలేనివాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు చదివి వినిపిస్తారు.

సుత్తి

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరాడు. నాకు దొరికింది స్లీపర్ల తనిఖీ. పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెలే స్లీపర్లు. ఇప్పుడన్నీ కాంక్రీటువి. అప్పట్లో మా లైన్లలో చాలా భాగం సాల చెక్కే ఉండేది. మనం గుగ్గిలం చెట్టంటాం, ఇక్కడివాళ్లు సరయి అంటారు. కాంట్రాక్టరు మనుషులు అడవిలో చెట్టు కొట్టి, అక్కడే కోసి, కొండ కింద డిపోలో పేరుస్తారు. నేను వెళ్లి ఒక్కొక్కటీ పరీక్షించి, బాగుంటే సుత్తి వెనక వైపున్న రైల్వే ముద్రను కొసన కొట్టాలి. బాగులేకపోతే ఎర్ర సుద్దతో అడ్డగీత గీయాలి.

పరీక్ష అంటే చూడటమనుకునేరు. చూడటం తక్కువ, వినడం ఎక్కువ. నా మొదటి పై అధికారి ముఖర్జీ బాబు. మొదటి రోజున నా చేతికి సుత్తి ఇచ్చి కళ్లు మూసుకోమన్నారు.

"కళ్లను కోతవాళ్లు మోసం చేస్తారు. రంపపు పొట్టులో గుగ్గిలం కలిపి డొల్లలో నింపి, పైన నున్నగా చిత్రిక పడతారు. చెవిని ఎవడూ మోసం చెయ్యలేడు."

గట్టి చెక్క మీద సుత్తి పడితే గంట కొట్టినట్టు పలుకుతుంది. డొల్ల చెక్క మీద పడితే పిండి బస్తాను గుద్దినట్టుంటుంది. ఈ రెంటి మధ్యా ఇంకో పదిరకాల చప్పుళ్లున్నాయి. అవి పట్టుబడటానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ముఖర్జీ బాబు మంచి గురువు. కాని చెవిని ఎవడూ మోసం చెయ్యలేడన్న మాటను ఆయన మరీ గట్టిగా చెప్పారు, నేను మరీ గట్టిగా నమ్మాను.

మూడో ఏడు ఒక సాయంత్రం వాన ముంచుకొస్తోందని ఆఖరి వరసను సుత్తి వెయ్యకుండానే పాస్ చేశాను. ఏడాదిన్నర తరవాత ఒక యార్డు సైడింగులో స్లీపరు పొడిపొడిగా విరిగి, వ్యాగను పట్టా దిగి, ఒక గ్యాంగ్‌మన్ కాలు నలిగింది. విరిగిన ముక్కను నా బల్ల మీద పెట్టారు. కొసన నా ముద్ర చక్కగా చదవడానికి వీలుగా ఉంది. ఆ రోజునుంచి అనుమానం వస్తే తిరగ్గొట్టడమే. డిపోల్లో నాకు ఫేల్ సాబ్, అంటే ఫెయిల్ చేసే దొర, అని పేరొచ్చింది. విని సంతోషించేవాణ్ని. నేను పాస్ చేసిన స్లీపరు మళ్లీ ఎప్పుడూ విరగలేదు.

బుట్టలో పేళ్లు

భౌంరా అంటే తుమ్మెద. డోంగరి అంటే కొండ. బిలాస్‌పూర్‌కి ఉత్తరాన బస్సు దిగి రెండు గంటలు నడిస్తే వస్తుంది. సర్కారు అడవి. ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందని సాల చెట్లుండేవి. కింది రెండు వాలులూ కొన్నేళ్లలో వరసగా నరికేశారు. మిగిలింది కొండ నెత్తి. దాని మీది చెట్లకీ గొడ్డలితో బెరడు చెక్కి నంబర్లు వేసేశారు. నెత్తిని నరుకుడు పట్టికలోంచి శాశ్వతంగా తీసేసి, గొడ్డలి పడని అడవిగా రాసిపెట్టమని ఊరివాళ్లూ, మా కాలనీ నుంచి ఆదివారాలు అక్కడికి నడవడానికి వెళ్లేవాళ్లూ కమిటీగా కలిసి రెండేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. అటవీశాఖ పెద్దాఫీసరు మార్చిలో స్వయంగా వచ్చి చూస్తానని కబురు పెట్టాడు. ఆయన కాదంటే ఏప్రిల్లో గొడ్డళ్లు.

ఆ ఆదివారం వాళ్లు నా దగ్గరికి రావడానికి కారణం, ఆ కొండ స్లీపర్లన్నీ నా సుత్తి కిందనుంచే వెళ్లడమే.

"ఒరే బాబూ, ఆ కొండ సెక్క బాగోలేదని ఒక ముక్క రాసిచ్చీ, బస్," అన్నారు అప్పల్నర్సయ్య గారు. "సెక్కే పనికిరాకపోతే సెట్టు కొట్టడవెందుకు? ఆఫీసరికి మరింకేటి సెప్పక్కర్లేదు."

"కొత్తగా రాయడమెందుకండీ, నా డైరీల్లో ఉంది," అన్నాను. "ఆ కొండ నుంచి వచ్చినవాటిలో సగానికి దగ్గరగా తిరగ్గొట్టాను. అంత నిక్కచ్చిగా ఇంకెవరూ చూసి ఉండరు."

ఈ మాట హిందీలో కూడా చెప్పాను, ఊరివాళ్లకు అర్థం కావాలని. సుక్‌వారో బాయికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. కొండమీద ఆకు కోసుకొచ్చి విస్తళ్లు, దొన్నెలు కుట్టి సంతలో అమ్ముతుంది. ఆమె ఛత్తీస్‌గఢీలో అన్నవి తెలుగులో రాస్తున్నాను.

"సాహెబ్, నువ్వు ఫేల్ చేసిన చెక్క ఏమవుతుంది?"

"డిపోలోనే పడి ఉంటుంది. కంచె గుంజలకో పొయ్యిలోకో పోతుంది."

"మళ్లీ చెట్టుకి అతుక్కోదు కదా?"

శుక్లా మాస్టారు నవ్వారు. నేనూ నవ్వాను.

"మరి, ఫేల్ చేసినన్ని మీ రైలుకి తక్కువైతే పరవాలేదా?"

"అలా కుదరదు. ఆర్డరు పాసైన స్లీపర్ల లెక్క మీద ఉంటుంది. తగ్గినవి కాంట్రాక్టరు తెచ్చి నింపాలి."

"ఎక్కడినుంచి?"

అది నాకు తెలియని సంగతి కాదు. ఎప్పుడూ ఎవరూ అడగని సంగతి. గుమ్మంలోంచి సత్యవతి అంది:

"ఎక్కణ్నుంచేటి? ఆ కొండ మీంచే కదేటి! దానికింత ఆలోసనేటండీ?"

సుక్‌వారో బాయికి తెలుగు రాదు కాని సత్యవతి చెప్పింది అర్థమైనట్టే తల ఊపింది. "హవ్," అంది. హవ్ అంటే అవును. "నీ జీపు వచ్చిన రోజున మా ఊళ్లో అనుకునేవాళ్లం సాహెబ్, ఫేల్ సాబ్ వచ్చాడు, కోతవాళ్లు ఇంకో పదిహేను రోజులు కదలరు అని. వేరే సాహెబు చూసే పక్క కొండ మీంచి తొందరగా వెళ్లిపోయేవారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఏ ఏడు వానలు ఆలస్యమయ్యాయో చెప్పినట్టు చెప్పింది.

తరవాత బుట్ట నా ముందుకి జరిపింది. ఊళ్లో పన్నెండుమంది ఆడవాళ్లు ఆకుకి వెళ్లినప్పుడల్లా, నరికిన ప్రతి మొద్దు నుంచీ ఒక్క పేడు చొప్పున చీల్చి తెచ్చారట. చదువు లేదు కాబట్టి లెక్కను ఇలా మోసుకొచ్చారు.

"ఒకే మొద్దు నుంచి రెండు పేళ్లు వచ్చి ఉండవచ్చు కదా?" అన్నాను. నా వృత్తి అది.

"ఆకు మోపు నెత్తిన పెట్టుకుని ఒక మొద్దు దగ్గర రెండుసార్లు వంగే ఓపిక నీకుంటే చెప్పు సాహెబ్, రేపటినుంచి నిన్ను పంపుతాం."

డైరీలు తీసిన వారం

ఆ వారమంతా డ్యూటీ నుంచి వచ్చి పేళ్లు లెక్కపెట్టాను. వరండాలో పదేసి చొప్పున కుప్పలు పెడుతుంటే కాలనీ పిల్లలు ఏదో ఆటనుకున్నారు. భౌంరా డోంగరి డిపోకి వెళ్లిన రోజుల డైరీలన్నీ తీశాను. పాసైనవి ఒక వరస, తిరగ్గొట్టినవి ఒక వరస రాశాను. గట్టి చెట్టుకి సగటున ఇన్ని స్లీపర్లు వస్తాయని మా లెక్క ఒకటుంది. ఆ లెక్కన పాసైన స్లీపర్లకి సరిపోయే చెట్లెన్నో తేల్చి, బుట్టలోని పేళ్లతో పోల్చాను. పేళ్లు దాదాపు రెట్టింపు ఉన్నాయి.

మొదట బుట్ట మీదే అనుమానపడ్డాను. రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి సత్యవతి చేత లెక్కపెట్టించాను.

"నానెంచినా అంతే వస్తన్నాయండి," అంది. "అన్నేళ్లు రాసేరు కదా, ఒక్కసారైనా తిరగేసి సదవలేదేటి?"

చదవలేదు. డైరీ రాసేవాళ్లకు ఉండే జబ్బు ఇది. రాసేశాం కాబట్టి తెలిసిపోయిందనుకుంటాం.

అంత పాత చెట్లలో డొల్ల ఉండటం సహజం. అందులో తొర్రలుంటాయి, తొర్రల్లో తేనెటీగలుంటాయి, పక్షులుంటాయి. అవి స్లీపర్లకు పనికిరానివని నాకు ప్రతి ఏడూ తెలుస్తూనే ఉంది. నేను పనికిరాదన్న ప్రతిసారీ దాని పక్క చెట్టు పడింది. అదీ డొల్లైతే ఆ పక్కది. తిరగ్గొట్టకుండా ఉండవలసిందా అంటే, కాదు. గ్యాంగ్‌మన్ కాలు నాకు గుర్తుంది. చెయ్యవలసినది వేరే ఉంది. ఆ కొండ చెక్క తీసుకోవద్దని మొదటి ఏడే పైకి రాయవలసింది. సుత్తి కొట్టడం నా పని, రాయడం నా పని కాదనుకున్నాను. నా తప్పు అక్కడుంది.

ఈ లెక్క తీసుకుని మా అప్పటి పై అధికారి దగ్గరికి వెళ్లాను. చెడ్డవాడు కాదు. భయస్థుడు కూడా కాదు. తన బల్ల మీద లేని విషయంలో తల దూర్చడు, అంతే.

"రావ్ సాబ్, మీ సొంత డైరీ సర్కారు కాగితం కాదు," అన్నాడు. మా కాలనీ తెలుగువాళ్లందరం ఆఫీసుల్లో రావ్ సాబులమే. "ఒకరోజు సెలవు పెట్టి వెళ్లండి. కమిటీ మనిషిగా మాట్లాడండి, రైల్వే మనిషిగా కాదు. ముద్ర సుత్తి మాత్రం ఇక్కడ వదిలి వెళ్లండి."

అప్పట్లో ఆ మాట పిరికితనంగా కనిపించింది. ఇప్పుడాలోచిస్తే ఆయన నన్ను ఆపలేదు. ఆపే అధికారం ఉన్నవాడు ఆపకపోవడం కూడా సాయమే.

కొండ నెత్తిన

మార్చిలో సెలవు పెట్టి వెళ్లాను. సాల చెట్లు పూతకొచ్చి కొండంతా లేత పసుపుగా ఉంది. ముద్ర సుత్తి లేదు కాబట్టి శనిచరీ బజారులో ఒక మామూలు సుత్తి కొనుక్కున్నాను. అటవీశాఖ పెద్దాఫీసరు, ఒక ఫారెస్టు గార్డు, ఇద్దరు కోతవాళ్లు జీపులో వచ్చారు. మా వాళ్లు, ఊరివాళ్లు కలిసి నలభైమంది దాకా ఉన్నాం. సుక్‌వారో బాయి బుట్ట తెచ్చింది.

ఆఫీసరు నా పట్టిక ఓపికగా చదివాడు. ఒక పేడు తీసి వాసన చూశాడు. తరవాత ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"అచ్ఛా, అయితే సమస్య డొల్ల చెట్లే కదా. వీటిని నిలబడి ఉండగానే గుర్తిస్తే పోలేదా? రావ్ సాబ్‌కి చెవి ఉందంటున్నారు. ఆయన కొట్టి చూసి గట్టివి చెప్తారు. గట్టివే తీస్తాం, డొల్లవి మీకే వదిలేస్తాం. ఒక్క చెట్టు కూడా వృథా కాదు."

అప్పల్నర్సయ్య గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఒరే, కొంప ములిగింది," అన్నారు తెలుగులో. "గట్టివన్నీ పోతే మిగిలీదేటి?"

నాకూ అర్థమైంది. నా పట్టిక మా వాదానికే ఎదురు తిరిగింది. అయినా నా చెవి గురించి నలభైమంది ముందు ఒక ఆఫీసరు మెచ్చుకోలుగా మాట్లాడేసరికి, నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ రాత్రి డైరీలో ఈ మాట రాశాను కాబట్టి ఇక్కడ దాచడం లేదు.

కిందటి గాలివానకి ఒక పెద్ద చెట్టు వేళ్లతో సహా పడిపోయి ఉంది. ఆఫీసరు దాన్ని చూపించాడు. "ఇది నిలబడే ఉందనుకోండి. మనిషి చెయ్యి అందినంత మేరే కొట్టండి. చెప్పండి."

చుట్టూ తిరిగి కొట్టాను. గంటలా పలికింది. చెవి ఆనించి మళ్లీ కొట్టాను. మళ్లీ గంటే.

"గట్టి చెట్టు," అన్నాను. "నిలువునా స్లీపర్లకి పనికొస్తుంది."

నేను కొట్టిన చోటికి రెండు గజాల పైన కోతవాళ్లు రంపం పెట్టారు. కొంతసేపు రంపం బరువుగా నడిచింది. తరవాత ఒక్కసారిగా తేలికై జారిపోయింది. దుంగ విడిపోయాక చూస్తే లోపల మనిషి దూరేంత తొర్ర. నల్లబడిన పాత తేనెపట్టు అట్టలు, ఎండిన మట్టి, ఈకలు.

నేను తొర్రలో చెయ్యి పెట్టి చూశాను, స్లీపరును పట్టాల కిందికి పంపే ముందు చూసుకున్నట్టు.

"నీకు ముందే తెలుసా?" అని సుక్‌వారో బాయిని అడిగాడు ఆఫీసరు.

"హవ్. పైన తేనెటీగలు దూరడం ఏటా చూసేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"మీరు నన్నడగలేదు సాహెబ్. సుత్తినడిగారు."

అప్పుడు నేను చెప్పవలసినది చెప్పాను. డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నిలబడి ఉన్న చెట్టు లోపల ఏముందో నా చెవికి తెలియదు. పడగొట్టాక తెలుస్తుంది, అప్పుడు తెలిసి లాభం లేదు. ఈ కొండ మీద నేను తిరగ్గొట్టిన స్లీపర్లకి బదులుగా వేరే చెట్లు పడ్డాయి. ఆ లెక్క ఈ బుట్టలో ఉంది. నన్ను నమ్మి ఇక్కడ చెట్లు ఏరవద్దు."

ఆఫీసరు పడిపోయిన చెట్టు మీదే కూర్చుని చాలాసేపు రాసుకున్నాడు. ఆ ఏడు కోత రద్దు చేస్తున్నాననీ, కొండ నెత్తిని కాపాడవలసిన అడవిగా పైకి సిఫారసు చేస్తున్నాననీ లేచి చెప్పాడు. చెట్ల మీద వేసిన నంబర్లన్నీ కొట్టెయ్యమని గార్డుతో అన్నాడు. సాయంత్రం జీపు వెళ్లిపోయింది.

తరవాత సంగతి

సిఫారసు ఆర్డరు కావడానికి చాలా ఏళ్లు పట్టింది. శుక్లా మాస్టారు ఎన్ని అర్జీలు రాశారో నాకు లెక్క తెలియదు. ఊరివాళ్లు ఎన్నిసార్లు ఆఫీసుల మెట్లెక్కారో అంతకన్నా తెలియదు. నేను రిటైరైన తరవాతే ఆ కాగితం వచ్చింది. నన్ను సభకి పిలిచి దండ వేశారు. వెయ్యవలసింది ఆ పన్నెండుమందికి.

అప్పల్నర్సయ్య గారు మాత్రం, నేను ఆ రోజు కావాలనే తప్పు చెప్పానని పోయేదాకా నమ్మారు. "మావోడు తెలిసే గట్టిదన్నాడు, ఆఫీసరు బుట్టలో పడ్డాడు," అని కాలనీ అంతా చెప్పేవారు. నేను కాదంటే ఒప్పుకునేవారు కాదు. "పోనీ బజారు సుత్తి కాబట్టి అలగయ్యింది," అనేవారు. సుత్తి తప్పేమీ లేదు. నేను నిజంగా గంటే విన్నాను.

కొత్తగా చేరేవాళ్లకు చెప్పవలసింది ఇదే. మీరిప్పుడు చూసేది కాంక్రీటో, ఇనుమో, కంకరో అవుతుంది. నిక్కచ్చిగా చూడండి, అందులో రాజీ వద్దు. కాని మీరు కాదన్న వస్తువు ఏమవుతోందో, దాని బదులు ఏది ఎక్కడినుంచి వస్తోందో ఏడాదికొకసారైనా అడగండి. ఫారంలో ఆ గడి ఉండదు. మీరే గీసుకోవాలి.

మర్నాడు పొద్దున్న

ఆఫీసరు జీపు వెళ్లిపోయిన ఆ రాత్రి నేను ఊళ్లోనే బుధ్‌రామ్ ఇంట్లో పడుకున్నాను. మర్నాడు ఎనిమిదింటికి దగ్గర్లోనే ఉన్న ఇంకో డిపోలో నా డ్యూటీ, ముద్ర సుత్తిని ఆఫీసు నుంచి అక్కడికే పంపిస్తామన్నారు. తెల్లారగానే కొండ పక్క దారిన బయలుదేరితే పైనుంచి మాటలు వినిపించాయి. ఎక్కి చూశాను.

వేసిన నంబరు కొట్టెయ్యడానికి అటవీశాఖ పద్ధతి ఒకటుంది. బెరడు చెక్కిన చోటే గొడ్డలితో ఇంకో అడ్డగాటు పెట్టాలి. గార్డు గొడ్డలి ఎత్తి నిలబడ్డాడు. సుక్‌వారో బాయి అతనికీ చెట్టుకీ మధ్య నిలబడింది.

"కొట్టం అని చెప్పడానికి ఇంకో దెబ్బెందుకు బాబూ?"

గార్డు గొడ్డలి దించాడు. తరవాత గొడ్డలి భుజాన వేసుకుని, చెట్టు నంబరు చదివి తన పుస్తకంలో కొట్టేశాడు. ఆడవాళ్లు తట్టల్లో తెచ్చిన బంకమట్టీ పేడా కలిపి చెక్కిన గాయం మీద మెత్తారు. తరవాతి చెట్టు దగ్గరికి వెళ్లారు. గార్డు నంబరు చదువుతున్నాడు, కొట్టేస్తున్నాడు. వాళ్లు మెత్తుతున్నారు.

సుక్‌వారో బాయి నన్ను చూసి తట్ట నా వైపు చాచింది. "రా ఫేల్ సాబ్. నీది పొడుగు చెయ్యి."

సుత్తి కింద పెట్టి మట్టి తీసుకున్నాను.

ఆ రోజు నేను డిపోకి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. డ్యూటీ పుస్తకంలో ఆ సంగతి రాసి సంతకం పెట్టాను. కారణం అన్న చోట ఏమీ రాయలేదు. ముప్పై నాలుగేళ్లలో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.